ఐదో గాదె

సోమవారం పదహారు డాలర్ల ముప్ఫై సెంట్లు, బుషెల్‌కి.
మా తమ్ముడు ఆర్విడ్ ఫోను జేబులో పడేసి
"ఇంకా పాకుతుంది" అన్నాడు,
బఠాణీ తీగ గురించి చెప్పినట్టు.

మంగళవారం పదహారు తొంభై.
బుధవారం నేను పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని ఉండగా
పదిహేడు దాటింది.
నోటినిండా దూది ఉన్న మనిషి
అమ్మేద్దామని ఎలా చెబుతుంది?

అమ్మబోతే అడవి.
చెట్టన్నదే కనపడని ఈ సస్కాచెవాన్ మైదానంలో
నలభై ఏళ్ళుగా మేం చూసింది ఆ అడవినే.
ఈ మార్చిలో మాత్రం కొనేవాడే ఫోన్ చేస్తున్నాడు,
మా కుక్క కాలు నయమైందా అని అడుగుతున్నాడు.

కనోలా, ఆవాలకు వరసకు చెల్లెలు.
నల్లగా, గుండ్రంగా, ఎక్కడా నిలవదు.
రాత్రి మేజోళ్ళు విప్పితే
వంటింటి నేల మీద చిన్న వాన.

కో-ఆప్ కొట్లో తొమ్మిదిన్నర కాఫీ బల్ల దగ్గర
నిన్న అమ్మినవాడు
ఇవాళ్టి ధర తెలియనట్టు కిటికీలోకి చూస్తాడు.
అమ్మనివాడు పంచదార రెండు చెంచాలు ఎక్కువ వేసుకుంటాడు.
డెల్మర్ ఫ్రీసెన్ జనవరిలోనే అంతా ఊడ్చి పన్నెండుకి ఇచ్చేశాడు.
అతని ముందు ఎవరూ ఆ మాట ఎత్తరు,
చావింట్లో పెళ్ళిమాట ఎత్తనట్టు.

పాత కొయ్య గాదె లోపలి గోడ మీద
నాన్న పెన్సిల్ రాతలు ఇంకా ఉన్నాయి.
"74. తొందరపడ్డాను."
"76. ఆగాను. తప్పు."
83 పక్కన మాటల్లేవు, ఒక గీత,
పెన్సిల్ మొన విరిగేంత గట్టిగా.
బతుకంతా ఆయన సరిగ్గా అమ్మిన ఏడాది
ఒక్కటుంది. దాని పక్కన
"అదృష్టం" అని రాసుకున్నాడు.

మా ఇనుప గాదెలు ఐదు.
నాలుగు ఎండలో కోసినవి, ఎన్నాళ్ళైనా పడుకుంటాయి.
ఐదోది అక్టోబరు వానల మధ్య
హెడ్‌లైట్ల వెలుగులో గుంజుకొచ్చింది,
పచ్చిగింజ, పచ్చికోపం.
రోజూ సాయంత్రం దాని పొట్టలోకి పొడవాటి ఇనుప చువ్వ దింపి
పది నిమిషాలాగి లాగి
చెంపకు ఆనించుకుంటాను.
జ్వరం చూడడానికి అంతకంటే మంచి థర్మామీటరు నాకు తెలియదు.

"పద్దెనిమిదికి పోతుంది మార్లిస్,"
ఆర్విడ్ గురువారం భోజనం దగ్గర.
"పోతుంది," అన్నాను.
"ఇంకో వారం."
"సరే."
అప్పుడే మా ఇద్దరికీ కలిపి ఒక కొత్త లారీ,
ఆయన మోకాలికి ఆపరేషన్,
నాకు సముద్రం,
బంగాళాదుంపల గిన్నె చుట్టూ తిరిగాయి.

ఆ సాయంత్రం చువ్వ వెచ్చగా వచ్చింది.

వాదించుకోలేదు.
మైనస్ పంతొమ్మిదిలో ఆగర్ గొంతు చించుకుంటుంటే
గింజ నల్లటి నీళ్ళలా లారీలోకి దూకింది,
దాంతోపాటు ఆవిరి,
దాంతోపాటు తడిసిన కంబళి వాసన.
ధర ఎక్కుతున్నన్నాళ్ళూ లోపల అదీ ఎక్కుతూనే ఉంది,
మాకు చెప్పకుండా, డిగ్రీకి డిగ్రీ.

పట్టాల పక్క ధాన్యపు టవరులో ఓ కుర్రాడు
వంద గింజలు టేపుకి అద్ది
రోలరుతో చిట్లించాడు.
తొంభై ఏడు పసుపు. మూడు గోధుమరంగు.
"నలభై సెంట్లు కోత" అన్నాడు.
అక్టోబరులో ఒక కోత అయింది బాబూ,
ఇది రెండోది, అనలేదు.
పదిహేడు ఇరవైలో అది పోగా మిగిలిందానికి సంతకం పెట్టాను.

శుక్రవారం పదిహేడు ఎనభై.
ఆర్విడ్ ఏమీ అనలేదు.
అంత గట్టిగా ఏమీ అనకపోవడం
ఆయనకూ నాన్న దగ్గరే వచ్చింది.
ఇంకా నాలుగున్నాయి. మంచు కరిగితే రోడ్లు మెత్తబడతాయి,
బరువు లారీలు ఆపేస్తారు, మహా అయితే మూడు వారాలు.

కొయ్య గాదెలోకి వెళ్ళి
నాన్న రాతల కింద ఏడాది వేశాను.
పక్కన చాలా జాగా వదిలాను.
వెనక నుంచి వచ్చి
ఆర్విడ్ పెన్సిల్ ఇమ్మన్నాడు.

ఇవ్వలేదు.