మూడోది

రాత్రి పదకొండున్నరకి షెడ్డులో ఫోను మోగింది.
"యోనా అనేవాడు మీవాడేనా?"
ఆయ్, మా తమ్ముడేనండి, అన్నాను.
రొయ్యలు వలిచి వలిచి
వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి.
ఆ చేతులతోనే ఆటోవాణ్ణి బతిమాలుకుని
చించినాడ వంతెన దాటాను.
కింద చీకట్లో వశిష్ఠ,
ఎటు పోతోందో తెలీకుండా.

నేరం ఏంటంటే
సత్తిరాజుగారి చెరువు గట్టు మీద నిలబడ్డాడు.
రెండు గంటలు. కదలకుండా.
దొంగలు కదులుతారండి, అందామనుకున్నాను.
అనలేదు.

వాడికి ఏరియేటర్లంటే ఇష్టం.
నాలుగు చక్రాలు నీళ్లని కొట్టి కొట్టి
నురగలా పైకి లేపుతుంటే
వాడి చేతులూ అలాగే లేస్తాయి, వేళ్లు విదిలిస్తూ.
సంతోషానికి వాడి దగ్గరున్న మాట అదొక్కటే.
కాపలావాడు దాన్ని సైగ అనుకున్నాడు,
అవతలి గట్టున ఎవరికో.

స్టేషన్లో ట్యూబులైటు జుమ్మంటోంది.
మనం పట్టించుకోం. వాడికది చెవిలో కందిరీగ.
చెవులు మూసుకున్నాడు,
చెప్పేది వినడం లేదని ఒక దెబ్బ.
గచ్చు మీద పగులు చూస్తున్నాడు,
కళ్లలోకి చూడనోడు తప్పు చేసినోడేనని ఇంకోటి.
"పేరేంట్రా?" అంటే "పేరేంట్రా?" అన్నాడట.
ఆ తర్వాతది చెంప మీద ఇంకా ఎర్రగా ఉంది.

చొక్కా కాలరు వెనక చీటీ లేదు.
"ఆనవాలు దొరక్కుండా పీకేశాడు, చూశారా" అన్నాడు హెడ్డు.
నేను కత్తిరించానండీ.
ప్రతి కొత్త చొక్కాకీ, బ్లేడుతో, కుట్టు తెగకుండా.
ఆ ముక్క మెడకి తగిలితే
వాడికి రోజంతా ముళ్లకంప వేసుకున్నట్టుంటుంది.
చెప్పాను. రైటరు పెన్ను కదపలేదు.

ఒక్క మాట మాత్రం రాసుకున్నాడు,
గట్టు మీద దొరికినప్పట్నించీ వాడు అంటున్న మాట:
"మూడోది ఆగిపోయింది. మూడోది ఆగిపోయింది."
ఎస్సైగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు.
"మూడోవాడు ఎక్కడాగాడు? మొదటి ఇద్దరూ ఎవరు?"
చెరువులో చక్రమండి, అన్నాను.
ఆయన నవ్వారు.
"అక్క కూడా బాగానే నేర్చుకొచ్చింది."

సంచీలోంచి సదరం కాయితం తీశాను.
ప్లాస్టిక్ కవరు, నాలుగు మడతలు,
డాక్టరుగారి సంతకం, సీలు, శాతం.
అటూ ఇటూ తిప్పారు.
"కాళ్లు బాగున్నాయి, చేతులు బాగున్నాయి,
చూపూ బాగుంది. ఇంకేంటి వీడికి?"
అందులో ఉన్న పేరు పలకబోయి సగంలో వదిలేశారు.
నాకూ మొదట్లో నోరు తిరగలేదు,
అందుకు మాత్రం ఆయన్ని తప్పు పట్టను.

అప్పుడు నన్ను చూశాడు యోనా.
నన్ను కాదు, నా భుజం పక్కన గాలిని.
వాడు చూడ్డమంటే అంతే.
"అన్నం తినేశాను" అన్నాడు.
ఎస్సైగారి బూట్ల వైపు తిరిగి మళ్లీ,
"అన్నం తినేశాను. మొత్తం తినేశాను."
తిక్క సమాధానాలు, అని రైటరు రాశాడు.

నా కాళ్ల కింద గచ్చు జారింది.
వాడికి ఐదేళ్లప్పుడు
ముద్ద పెట్టనివ్వకుండా పెరడంతా తిప్పుతుంటే
రోజూ నేనే అనేదాన్ని,
తింటావా, పోలీసుల్ని పిలవనా?
ఇరవై ఏళ్లయింది. నేను మర్చిపోయాను.
వాడికి మాటంటే మాటే, పాతబడదు.
ఏ తప్పుకి తనని తెచ్చారో
ఆ గదిలో తెలుసనుకున్నది వాడొక్కడే,
చెయ్యలేదని చెప్పుకుంటున్నాడు,
తన భాషలో కాదు, మా భాషలోనే.

పాస్టరుగారొచ్చి సంతకం పెట్టాక
తెల్లారగట్ల వదిలారు.
అదే గట్టు మీదుగా నడవాలి.
మూడు చక్రాలు తిరుగుతున్నాయి.
ఆగిన దాని చుట్టూ నీళ్లు నూనెలా మెదలకుండా,
పైకి వచ్చిన రొయ్యల మీసాలు, సన్నగా, లెక్కలేనన్ని.
కాపలావాడు గుడిసెలో నిద్ర.
లేపుదామా అనుకున్నాను. నా కాళ్లు ఆగలేదు.

యోనా ఆగాడు.
చేతులు లేచాయి, మోచేతుల దాకా.
వెనక్కోసారి రోడ్డు చూశాడు.
దించేసి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

నిన్నటిదాకా వాడికి
జేబులతో పనుండేది కాదు.