వంద కేవీ

నా సంచిల టెస్టరు, కటింగ్ ప్లేరు, రెండు నోటుబుక్కులు.
రెండో బుక్కు ఈ ఏడే కొన్న.

మొదలు ఒక్కటే ఉండె.
ఊరికీ తండకూ నడుమ మొరం గడ్డ మీద
వంద కేవీ ట్రాన్స్‌ఫార్మర్.
ఇరవై మోటర్ల బలం,
ఇరవయ్యేడు మోటర్ల బరువు.
కరెంటు రాత్రి పదకొండింటికి వచ్చేది.
ఆ మంచుల, ఆ పాములల్ల
బాయి కాడికి ఎవలు పోవాలె?
ఆటో స్టార్టర్లు పెట్టుకున్నరు.
నేనే బిగించిన, ఒక్కోదానికి యాభై రూపాలు.
ఊర్ల తీసుకున్న, తండల తీసుకున్న,
నా చెయ్యి కులం అడగలె.

కరెంటు వస్తనే
ఇరవయ్యేడు మోటర్లు ఒక్కపాలే దమ్ము పీల్చినయి.
ఎవ్వరి మోటరూ తప్పు చేయలె.
ఎవ్వరి నిద్రా తప్పు చేయలె.
నూనె మాత్రం ఉడికింది.
తెల్లారేసరికి మాడు వాసన
అందరి మడుల మీదా సమానంగ పరుచుకున్నది.
అంత సమానంగ నీళ్ళెప్పుడూ పారలె.

కెపాసిటర్లు పెట్టుకోండ్రని ముందే చెప్పిన.
మూడు వందల డబ్బా.
"నేను పెడితే వాని మోటరు సల్లగ నడుస్తది గద మొగిలీ,
నాకేంది?" అన్నడు సమ్మిరెడ్డి.
తండల హచ్యా అదే మాట, గోర్‌బోలిల.
వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద ఉన్నది
అదొక్కసారే.

మోటరుకు ఎనిమిది వందలు రాసిన.
నర్సంపేటకు ట్రాక్టరు కిరాయి, ఎత్తే కూలి, దించే కూలి,
రసీదు లేని ఇంకో ఖర్చు.
ఇరవై మూడు వచ్చినయి, నాలుగు రాలె.
ఊర్ల రెండు, తండల రెండు.
ఊరు తండ రెండునే లెక్కవెట్టింది,
తండ ఊరి రెండునే.
బుక్కు నా చేతులనే ఉండె,
తెరిచి చూపియ్యమని ఒక్కరూ అడగలె.

పదకొండు దినాలు.
నాటు ఎండి, మడి పర్రెలు వాసింది.
కొండ్లు తగిలించేది వాళ్ళే అని వీళ్ళు,
ఆటోలు మొదలువెట్టింది వాళ్ళే అని వాళ్ళు.
కల్లు మండువ కాడ ఎవడో ఒక మాట జారిండు.
ఆ మాట ఇక్కడ రాయ.
తెల్లారి గద్దె చుట్టూ రాళ్ళు,
వీరభద్రం తలకు ఐదు కుట్లు,
బానోతు సోమ్లా కొడుకు మీద కేసు.
కేసుకు ఊరు ఇంటికి రెండు వేలు ఎత్తింది,
తండ మూడు వేలు.
ఎనిమిది వందలియ్యని నలుగురున్నరు సూడు,
అందరికంటె ముందు ఇచ్చింది వాళ్ళే.

ఏఈ సారు వచ్చి తెంపు చేసిండు.
ఊరికి అరవై మూడు, తండకు ఇరవయ్యైదు.
లొల్లి ఒడిసింది, పాత డొక్కు లారెక్కింది.
రాత్రి బుడ్డి లైటు కింద కూసొని కూడిన.
ఎనభై ఎనిమిది.
మళ్ళ కూడిన.
పన్నెండు ఎటు పాయె?
ఏ బాయికీ పోలె, ఏ మడికీ పారలె.
మొరం గడ్డ మీద గోడ లేదు, ముండ్లకంప లేదు,
ఒట్టి గద్దె, తుప్పు వట్టిన నాలుగు బోల్టులు.
ఆ పన్నెండు కేవీలు రాత్రింబవళ్ళు
అక్కడనే కాలుతున్నట్టుంటది నాకు.

మోటర్లు పంచిన.
ఊరికి పద్దెనిమిది, తండకు ఎనిమిది.
ఇరవయ్యేడోది గుగులోతు మంగ్తిది.
ఎకరం నర. మొగడు లేడు.
మనిషి తండది, మడి ఊరి దిక్కు.
తండ గద్దె నుంచి పదకొండు స్తంభాలు,
ఊరి గద్దె నుంచి నలభై అంగలు.
మీ దిక్కు పో అన్నరు వీళ్ళు.
స్తంభాల పైసలు ఎవలియ్యాలె అన్నరు వాళ్ళు.

మొన్న అమాస రాత్రి
వైరు భుజానేసుకొని పోయిన.
పొడి కట్టెతోటి కొండి తగిలించిన,
ఏ గద్దె దిక్కో చెప్ప.
మోటరు దగ్గింది, ఆగింది, మళ్ళ దగ్గింది,
నీళ్ళు పోసింది.
మంగ్తి దండం పెట్టలె.
కొంగు ముడి విప్పి
ఎనిమిది వందలు, అన్ని పదులూ ఇరవైలూ,
లెక్కవెట్టి చేతులవెట్టింది.
నా సంచి దిక్కు చూసింది.
"ఏ బుక్కుల రాస్తవ్, మొగిలీ?"