కిటికీ పక్క సీటు

పాఠం పేరు సమానత్వం.
వన్ టౌన్ మున్సిపల్ స్కూలు, మేడ మీది రెండో తరగతి.
'త' కింద 'వ' వత్తు ఎటు తిరగాలో తెలీక
పాతిక పలకల మీద పాతిక రకాలుగా తేలింది.

అప్పుడు లేచాడు మోక్షిత్.
"టీచర్, దీని దగ్గిర సేపల కంపు. నాను కూకోను."
"జరుగు" అని మోచేత్తో నెట్టాడు నూకరత్నాన్ని.
ఆ పిల్ల జరిగింది.
ఇంకా జరిగింది.
కిటికీ గోడ తగిలేదాకా,
అలవాటున్న మనిషిలా.

నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది.
అందరూ మీ అరచేతులు వాసన చూడండర్రా, అన్నాను.
కొర్రా సుమిత్ర చేతుల్లో అడ్డాకుల పచ్చివాసన,
జగబంధు చేతుల్లో వాళ్ళ నాన్న కలిపే సిమెంటు,
షఫియా చేతుల్లో నిన్నటి గోరింటాకు,
మోక్షిత్ చేతుల్లో కిరాణా కొట్టు ఇంగువ.
ఎవరి ఇల్లు వాళ్ళ చేతికంటుకునే వస్తుంది, అన్నాను.
అక్కడితో ఆగొచ్చు.
గెలిచిన ఊపులో ఇంకో మాట అన్నాను:
పోర్టు దుమ్ము చూడండి,
అందరి చొక్కాల మీదా ఒక్కలాగే పడుతుంది కదా!

"మా యమ్మ పంజేసే అపార్ట్‌మెంట్లో పడదండి"
వెనక బెంచీలోంచి పైడిరాజు,
"ఆళ్ళు కిటికీలు తియ్యరు."

హాజరు పట్టీ తెరిచాను,
పొద్దున్నే వేసేసిన హాజరు.

సాయంత్రం గేటు దగ్గర నూకరత్నం తల్లి.
తట్ట దించి, ఎండు రొయ్యల పొట్లం నా చేతిలో పెట్టింది.
"మా గుంటకి కిటికీ పక్కన సీటిచ్చినారంట.
ఇంటికొచ్చి రోజూ అదే సెప్తాదమ్మా."

ఇచ్చాను, జూన్‌లో.
గాలొస్తుందని.
గాలెవరికని ఆమె అడగలేదు.
నేను చెప్పలేదు.
పొట్లం బ్యాగులో పెట్టుకుని బస్సెక్కి
పక్క సీటామె జరిగి కూచుంటుందేమోనని
దారంతా జిప్పు మీద చెయ్యి తియ్యలేదు.

సోమవారం బెంచీలు తిప్పాను.
ఇకనించి వారానికొకరికి కిటికీ.
న్యాయం చేశాననుకున్నాను.
నూకరత్నం ఏడ్చింది.
ఆ ఊచల్లోంచి వాళ్ళ నాన్న ఎక్కిన బోటు కనిపిస్తుందట.
చేప పడితే నిండు చూలాలిలా మెల్లగా,
పడకపోతే గెంతుకుంటూ వస్తుందట.
జూన్ నించీ అది రోజూ లెక్క చూస్తోందట,
ఆ రాత్రి ఇంట్లో అరుపులుంటాయో ఉండవో.

"ఏదీ?" అన్నాడు మోక్షిత్,
ఈ వారం కిటికీ వాడిది.
తుప్పు ఊచలకి ముక్కానించి వెతుకుతున్నాడు.
"అది కాదెహె. నీలం జెండాది. జరుగు"
అంది నూకరత్నం, ముక్కు తుడుచుకుని.

జరిగాడు.

బోటింకా రాలేదు.
పొట్లం నేనింకా విప్పలేదు.