తువ్వాలు కింద

బంగారుపాళెం మెయిన్ రోడ్డులో
జెరాక్స్ అంగడి నాది.
మామిడికాయ దిగే రెండు నెలలూ
మిషను వేడి చల్లారదు.
పాసుబుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ,
రైతు జేబు చెమటకు మెత్తబడిన కాగితం
నా గాజుపలక మీద ఒకసారి వెలిగి
వెనక్కి పోతుంది.
పోతుందని రైతు అనుకుంటాడు.

ఫోన్లో గ్రూపు పెట్టింది గుణశేఖరన్న.
పేరు 'మన తోపు మన ధర'.
"నాకు అద్దాల్లేకుంటే కనపడదు,
నువ్వు కూడా అడ్మిన్‌గా ఉండు" అన్నాడు.
ఏడువందల ముప్పైమంది
ఊరు, పేరు, ఎకరాలు, నెంబరు రాసి చేరినారు.
ఎవరి తోపులో ఎన్ని చెట్లు,
ఎవరికి ఎంత అప్పు,
ఎవరి కాయ ఏ వారానికి తెగుతుంది,
అడిగింది అడిగినట్టు చెప్పినారు.
ధర చెప్తామన్నోళ్ళ దగ్గర దాపరికమేంది?

మా తాత మండీలో కాటా పట్టినోడు.
అప్పట్లో బేరమంటే తువ్వాలు కింద.
రెండు చేతులు, ఒక గుడ్డ,
వేలు పట్టుకుంటే ఒక లెక్క, మణికట్టు నొక్కితే ఇంకో లెక్క.
చుట్టూ పదిమంది నిలబడినా
అంకె ఆ ఇద్దరిదే.
"మోసం లేదని కాదురా,
గుడ్డ మాత్రం ఇద్దరి చేతుల్నీ ఒకటే మాదిరి కప్పుతుంది"
అనేవాడు, తమలపాకు నములుతా.

జూన్ మూడో వారం.
తగ్గువారిపల్లె చెంగల్రాయులు రాసినాడు:
'పక్క ఫ్యాకట్రీలో కిలోకి రెండు రూపాయలు
ఎక్కువిస్తా ఉండారంట,
మనకెందుకు చెప్పలా?'
తిట్టింది లేదు. అడిగినాడు అంతే.
నా ఫోను మోగింది.
"అది తీసెయ్."
తీసేసినాను.
'అడ్మిన్ తొలగించారు' అని మిగిలింది,
గోడ మీంచి పటం దించినచోట
తెల్లటి మచ్చ మాదిరి.

ఆ రోజే అన్న బావమరిది
పురుగుమందు ప్రకటన పదకొండుసార్లు పెట్టినాడు.
మధ్యలో ఒకర్ని కులం ఎత్తి కూసినాడు.
అది ఉంది. ఇప్పటికీ ఉంది.
దాని కింద నవ్వే బొమ్మలు ఇరవై.
అన్నిటికీ పైన, అందరికీ కనపడేటట్టు,
'ఇక్కడ అందరికీ ఒకటే రూలు'.
టైపు కొట్టింది నేనే.

మర్నాడు చెంగల్రాయులు మళ్ళీ అడిగినాడు.
ఈసారి మనిషినే తీసేసినాను.
బొటనవేలికి అరక్షణం పని.

తర్వాత అతనికొక ఫోనొచ్చిందంట.
ఆ గొంతుకు అతని చెట్ల లెక్క తెలుసు,
సొసైటీలో బాకీ తెలుసు,
కూతురి నర్సింగ్ ఫీజుకు ఆఖరు తేదీ కూడా తెలుసు.
ఇంక బేరమేముంది?
వాళ్ళు చెప్పిన ధరకే కాయ తోలినాడు.

ఆ వివరాలు యాడినుంచి పోయినాయో
నన్నడగొద్దు.
లేదు, అడగండి.
ఎర్ర పెన్‌డ్రైవు, నల్లదారం కట్టింది.
"అన్నీ ఇందులో ఎక్కించు, రైతుల మంచికే" అన్నాడన్న.
ఎక్కించినాను.
టీ తెప్పించినాడు.
టోనరు డబ్బాకు డబ్బులిచ్చినాడు.
నేను ఏం అడగలా.

నిన్న సాయంత్రం
కాటా చీటీ కాపీకి వచ్చినాడు చెంగల్రాయులు.
రెండు రూపాయలు బల్లమీద పెట్టి
మిషను పచ్చలైటు వైపు చూసినాడు.
"లోపల ఏమన్నా మిగుల్తుందా అబ్బోడా?"
"లేదన్నా."
భుజం మీద తువ్వాలు తీసినాడు.
నా చెయ్యి లాగి, తన చెయ్యి కలిపి, పైన కప్పినాడు.
"ఎంతకిచ్చినావు నన్ను?
వేలు పట్టుకుని చెప్పు చాలు.
గుడ్డ ఉంది కదా, ఎవరికీ తెలీదులే."

అతని అరచెయ్యి మామిడిజీడికి కాలి గరుకుగా ఉంది.
నా వేళ్ళకు టోనరు మసి.
తాత నాకు ఆ లెక్క నేర్పలేదు,
నేర్పినా
ఏ వేలు పట్టుకునేది?

వెనకనుంచి ఎవరో,
"జరగన్నా, టైమవతా ఉంది.
ఆధార్ రెండు కాపీలు."