తొమ్మిది వోల్టుల పులుపు

చియాతురాలో రోప్‌వే కింద మా దుకాణం.
తలుపు తీస్తే ముందు తొట్టి నీడ లోపలికొస్తుంది,
తర్వాతే మనిషి.

ఆ ఉదయం నీడ వెనకే నజిబ్రోల వచ్చింది,
మానిటర్ని చంటిపిల్లలా చంకనేసుకుని.
పై స్టేషన్ తలుపు చూపించే తెర అది.
"వెలుగుతుంది, త్సియాలా. ఒకటి, రెండు అనేలోపు ఆరిపోతుంది.
పైన ఎవరెక్కారో తెలియకుండా
లీవరెలా లాగను?"

వెనక మూత విప్పితే మాంగనీసు,
కాటుక డబ్బా బోర్లించినట్టు.
ఈ ఊళ్లో యంత్రాలన్నిటికీ లోపల ఒకటే రంగు.
బోర్డు మీదికి చెయ్యి పోనిచ్చాను.
త్సియాల ఠక్కున మణికట్టు పట్టుకుంది.
"ప్లగ్గు పీకేశానుగా!"
"నువ్వు పీకావు. అది ఇంకా నమ్మలేదు."
పెద్ద కెపాసిటర్ కాళ్లకి పాత బల్బు తీగలు ఆనించింది.
బల్బు ఒక్కసారి రెప్ప కొట్టింది.
అప్పుడు వదిలింది నా చెయ్యి.

ఫ్యూజుకి అటూ ఇటూ సూదులు పెడితే మీటర్ కీచుమంది.
సరే.
తెరకెళ్లే తీగల గుత్తి ఊడదీసి, కరెంటిచ్చి,
ఎడమచెయ్యి జేబులో దాచుకుని
(ఆవిడ నియమం: ఒక చెయ్యైనా ఇంటికి చేరాలట)
కొలిచాను.
ఐదుండాల్సిన చోట ఆరుంపావు.
పన్నెండుండాల్సిన చోట పదిహేను.

నాకు పదిహేడేళ్లు.
జవాబు దొరికిందనుకుంటే
గొంతు దానంతటదే పెరిగే వయసు.
"వోల్టేజి అదుపు తప్పింది! చిప్పు పోయింది!"
త్సియాల లోబియో గిన్నెలోంచి తలెత్తలేదు.
చిప్పు మార్చాను.
దాని పక్కన రెండు డయోడ్లూ మార్చాను,
చేతిలో సోల్డరింగ్ ఐరన్ వేడిగా ఉంది కదా అని.
మళ్లీ కొలిస్తే
అదే ఆరుంపావు. గోడకి చెప్పుకున్నట్టే.

బయట తెర లేక గంటలతో నడుపుతున్నారు.
పైనుంచి గివి ఒకటి కొడితే మనుషులు,
రెండు కొడితే సరుకు.
మూడు కొట్టినప్పుడు
నజిబ్రోల మా గుమ్మంలోకొచ్చి మమ్మల్నే అడిగింది, మూడంటే ఏమిటని.

మధ్యాహ్నం దాటాక
త్సియాల సొరుగులోంచి సీలు విప్పని బ్యాటరీ తీసి
నా ముందు దొర్లించింది.
"దీన్ని కొలువు."
పదకొండున్నర.
"మీద తొమ్మిదని రాసుందే!"
"ఏం, కంపెనీవాడు కొసరు పోశాడంటావా?"

మీటర్ గాజు మూల మసిని బొటనవేలితో తుడిచింది.
కింద చిన్న బ్యాటరీ బొమ్మ.
ఎన్నాళ్లుగా వెలుగుతోందో అక్కడ,
ఆకలని చెప్పుకుంటూ.
కంచే చేను మేస్తుందని విన్నాను గానీ
కడుపు మాడిన కాటా
ఎక్కువ తూచడం ఇదే చూడ్డం.
నేను పీకేసిన చిప్పు బల్లమీద,
ఏ నేరమూ చెయ్యకుండా, కాళ్లు వంకరపోయి.

మీటర్‌లో కొత్త బ్యాటరీ వేశాం. ఐదు ఐదే అయింది.
"మరి జబ్బేదీ?" అన్నాను.
"బరువెత్తించి చూడు."
తెర తీగలు తగిలించాను.
ఐదు. నాలుగున్నర. మూడు తొమ్మిది.
చీకటి.
బోర్డు అంచున రెండు కెపాసిటర్లు,
తల పొంగిన బూరెల్లా.
పొద్దున్నే చూశాను వాటిని.
కొంచెమే కదా అనుకున్నాను.

దీపాలవేళకి తెర వెలిగింది, ఆరలేదు.
పై స్టేషన్ తలుపు, తలుపు ముందు ఒక ముసలాయన,
పిండి బస్తా, బస్తా మీద కోడి.
"మూడంటే ఇదా!" అంటూ నజిబ్రోల పరుగెత్తింది,
డబ్బులు రేపిస్తానని.

ఆవిడ షట్టర్ దించుతుంటే
ఎవరూ చూడకుండా
మీటర్‌లోంచి తీసిన పాత బ్యాటరీని నాలుక కొసకి ఆనించాను.

ఇంకా కొంచెం పుల్లగానే ఉంది.