చేతులు పైకి లేపమ్మా

పదకొండేళ్లు దాన్ని తామర అన్నారు.
పేరులో పువ్వుంది గదా అని
సుల్తాన్ బజార్ ట్యూబులు పూసుకుంటూ
వారాసిగూడలో జాకెట్లు కుట్టుకున్నాను.
ముక్క కోసి చూసినాక తెలిసింది,
ఒంటికి కాపలా ఉండాల్సిన కణాలే
తోలు మీదికి దండెత్తాయని.
లక్షల్లో ఒకరికి, అంది డాక్టర్ ప్రసూన,
లాటరీ తగిలినట్టు.

రెడ్ హిల్స్‌లో నేలకింది గది.
నడుముకో కాగితం గుడ్డ, కళ్లకు మూతలు,
గోళ్లకు సీసం తొడుగులు.
"చేతులు పైకి లేపమ్మా. జర ఎడమకు తిరుగు. కదలకు."
మైకులోంచి నఫీసా గొంతు.
ముప్ఫై ఏళ్లుగా
టేపు కొస పళ్ల మధ్య పట్టుకుని
నేను అందరితో అన్న మాటలే.
ఆరు తీర్ల నిలబడ్డాను.
వెలుతురు కనబడదు, వేడి తగలదు.
పైతోలు దాకా దిగి ఆగిపోతుందట:
అస్తరు తాకని సూది.
ఆ లెక్క నాకొకరు చెప్పక్కర్లేదు.
రొమ్ముల కింద, అరికాళ్లకు,
కిరణం అందని చోట్లకు ఇంకో రోజు.
మడతలే ఎప్పుడూ కష్టం, బట్టలోనైనా.

కనుబొమలు రాలాయి.
గోరు ఊడిన వేలికి అంగుస్తానా నిలవలేదు.
చెమట పోయింది.
మే నెల సికింద్రాబాద్ బస్సులో
అందరూ తడిసి ముద్దవుతుంటే
నేనొక్కదాన్నే పొయ్యి మీది పెనం.

నిన్నొక జాకెట్ వచ్చింది, వదులు చేయమని.
చంకల్లో ఉప్పు గీతలు, ఒకదానిలో ఒకటి.
ఒకప్పుడైతే ఉతికి తెమ్మని విసిరికొట్టేదాన్ని.
కత్తెర పక్కన పెట్టి
చాలాసేపు చూశాను.