పూత

లోసరి వంతెన దాటాక మూడో చెరువు నాది.
నాదంటే, గట్టు మీద నిలబడే చోటు నాది.
నీళ్ళు రాజుగారివి, రొయ్యలు బ్యాంకువి,
మేత కలిపే చెయ్యి ఒక్కటే సొంతం.

తెల్లారగట్ల నాలుగున్నరకి
బెల్లం నీళ్ళలో రాత్రంతా ఊరిన పొడి
పులిసిన కల్లులా పొంగి ఉంటుంది.
కోట్ల ప్రాణాలంట. వాసన మాత్రం దోసెల పిండిదే.
మేత మీద చిలకరించి, జిగురు మందు పోసి
గింజ గింజకీ అంటేలా
మోచేతుల దాకా కలుపుతాను.
తర్వాత టార్పాలిన్ మీద, నీడలో, అరగంట.
ఎండ తగలకూడదు. తొందర పడకూడదు.

సూపర్‌వైజరు ధనుంజయ మొదటి రోజే చెప్పాడు:
"పూత లేకుండా వేస్తే చెరువుకి పెట్టిన నైవేద్యమే, సువార్తా.
మందంతా నీళ్ళపాలు, రొయ్యకి ఒట్టి మేతే మిగుల్తుంది.
మామిడికైనా మేతకైనా
పూత నిలిస్తేనే కాయ."

చెక్‌ట్రే పైకి లాగి
ఒక రొయ్యని వెలుతురుకి పట్టి చూస్తాను.
గాజు ఒంట్లో నిండుగా నల్లటి పేగు గీత.
ఆ గీత తెగితే గట్టు తెగినట్టే.
ఎన్ని ఇళ్ళ పేగులు దానికి వేలాడుతున్నాయో!

ఇంటికాడ ఏబేలుకి ఎనిమిదేళ్ళు.
జ్వరానికి వేసిన బిళ్ళలు
జ్వరంతో పాటు కడుపులో మంచినీ ఊడ్చేశాయని
తాతాజీ తన మందుల షాపులో
పది గొట్టాలు ఇచ్చాడు, సగం తెలుపు సగం ఆకుపచ్చ.
గొంతు దిగదని పిల్లాడి ఏడుపు.
నేనేం చేశాను?
గోటితో విప్పి
పొగలు కక్కే టీలో కలిపాను.
మూడు రోజులు. మూడు గొట్టాలు.
నాలుగో రోజూ వాడి లాగులు ఉతుకుతూనే ఉన్నాను.

మళ్ళీ వెళితే తాతాజీ నెత్తి కొట్టుకున్నాడు.
"ఆ తొడుగు సోకుకి అనుకున్నావా?
పొట్టలో ఉండేది చింతపండు పులుసు కాదమ్మా, యాసిడ్.
అది దాటేదాకా కరక్కుండా
దాటాక పేగులో కరిగేలా
లెక్క చూసి వేసిన పూత అది.
లోపలున్నవి బతికున్నవి. ఉడకేశావు."

ముందు నవ్వొచ్చింది. తర్వాత సైకిలు పట్టుకుని
షాపు మెట్ల దగ్గరే నిలబడిపోయాను.
రోజుకి రెండు బస్తాలకి పూత పూసే చేతులు
ఒక్క పూతని ఒలిచేశాయి.
రొయ్యకి నీడ వెతికినదాన్ని,
కొడుక్కి కాగే టీ.
మేతకి కూలి ఉంది, అందుకే తెలివీ ఉందేమో.

ఇవాళ సాయంత్రం
చక్కెరకేళి ముక్కలో గొట్టం దాచి
"నమలకు, మింగు" అన్నాను.
కళ్ళు మూసుకుని మింగాడు.
గొంతులో చిన్న గుటక కదిలి దిగిపోయింది,
ఉప్పుటేటి మొగలో పడవ దాటినట్టు.

నిద్రపోతున్న వాడి పొట్ట మీద చెయ్యి వేశాను.
వీడేం గాజు పిల్లాడా, వెలుతురుకి పట్టి చూడ్డానికి!
ఎక్కడిదాకా వెళ్ళిందో. కరిగిందో లేదో.
చెరువు మీద ఏరేటర్ల చప్పుడు
చాప దాకా వినిపిస్తోంది.
అయ్యో, రేపటి పొడి
బెల్లం నీళ్ళలో వెయ్యనే లేదు.
లేవాలి.